చెరువు పంచాయతీదే, మరి బోదె ఎవరిది? శివారు పేట మంచినీళ్ల ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది రాజోలు వైపు, కాలువ ఆఖరున ఉన్న పేట. 180 గడపలుంటాయి. పంచాయతీ ఊరు మాకు రెండు కిలోమీటర్ల ఎగువన ఉంది. పేటకు ఒక మంచినీటి చెరువుంది. పంట కాలువ తూము దగ్గర్నుంచి 300 మీటర్ల బోదె (చిన్న మట్టి కాలువ) నలుగురు రైతుల చేల మీదుగా వచ్చి అందులో పడుతుంది. 40 ఏళ్లకు పైగా అలాగే నింపుకుంటున్నాం. మొన్న దాళ్వాలో (రెండో పంట కాలంలో) ఒకాయన తన చేను రొయ్యల చెరువుకి లీజుకిచ్చారు, వాళ్లు బోదె పూడ్చేశారు. గొడవెందుకని ఊరుకున్నాం. చెరువు సగం కూడా నిండలేదు, మే నెలంతా ట్యాంకర్ల మీదే బతికాం. ఉన్న బోరు నీళ్లు ఉప్పగా మారాయి. సర్పంచ్ గారు ఇంకా లోతుగా బోరు వేద్దామంటున్నారు, కొందరు ఆర్వో ప్లాంటు చాలంటున్నారు. చేను గలాయన మాత్రం ‘నా అనుమతితో పైపు వేసుకుంటున్నట్టు కాగితం రాసివ్వండి, వేసుకోండి’ అంటున్నారు. అసలు ఆ నీళ్ల మీద మాకు హక్కుందా? ఏం చేస్తే వచ్చే వేసవికి నీళ్లుంటాయి?
— డ్వాక్రా సంఘం సభ్యురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, ఆ అనుమతి కాగితం మీద పేట తరఫున ఎవరూ సంతకం పెట్టకండి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒకరి భూమి మీదుగా మరొకరు 20 ఏళ్లపాటు ఆటంకం లేకుండా, అందరికీ తెలిసేలా, తమ హక్కుగా నీళ్లు పారించుకుంటే ఆ దారి మీద వాళ్లకు హక్కు ఏర్పడుతుంది. భూమి ప్రభుత్వానిదైతే 20కి బదులు 30 ఏళ్లు. మీది 40 ఏళ్ల వాడకం కాబట్టి ఏ లెక్కన చూసినా సరిపోతుంది. కానీ ‘తమ హక్కుగా’ అన్న షరతు దగ్గరే కేసులు పోతుంటాయి. చేను గలాయన దయతలచి పోనిస్తే పారిన నీళ్లు హక్కు కిందికి రావు. చట్టం దాన్ని లైసెన్సు అంటుంది, ఆయన వద్దన్న రోజున అది పోతుంది. ‘మీ అనుమతితో వేసుకుంటున్నాం’ అని మీరు రాసిస్తే, ఇన్నేళ్లూ పారింది కూడా ఆయన దయవల్లేనని రేపు కోర్టులో వాదించడానికి మీ సంతకమే ఆయనకు ఆధారమవుతుంది.

ఆయన నిజంగా రాజీకి సిద్ధంగా ఉంటే కాగితం వేరేలా రాయించండి: ‘ఫలానా సర్వే నంబరులోని బోదె ద్వారా పంచాయతీ మంచినీటి చెరువుకు చాలా ఏళ్లుగా నీరు పారుతోంది, ఆ హక్కును ఒప్పుకుంటూ, ఇకపై అదే దారిలో భూమిలోపల పైపు వేసుకోవడానికి, బాగుచేసుకోవడానికి, నాకూ నా వారసులకూ నా కౌలుదార్లకూ నా దగ్గర కొన్నవారికీ కట్టుబాటుగా రాసిస్తున్నాను.’ దీనికి సర్వేయర్ కొలిచిన పటం జతచేసి, పంచాయతీ పేరు మీద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించి బీరువాలో పెట్టుకుంటే, పొలం చేతులు మారాక కొన్నవాడు ‘నాకు తెలియదు’ అంటాడు. మిగతా ముగ్గురు రైతులతో కూడా ఇప్పుడే, సఖ్యంగా ఉన్నప్పుడే, ఇదే దస్తావేజు రాయించండి. బోదె ఎక్కడ పూడినా చెరువు ఎండేది ఒకేలాగ.

‘గొడవెందుకని ఊరుకున్నాం’ అన్న మాట మాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది. ఆటంకం సంగతి తెలిసి ఏడాదిపాటు మౌనంగా భరిస్తే, చట్టం దృష్టిలో వాడకం అక్కడితో తెగిపోయినట్టే. దావా వేయాల్సి వస్తే, ఆ 20 ఏళ్ల వాడకం దావాకు ముందు రెండేళ్లలోపు వరకూ సాగి ఉండాలి. బోదె పూడ్చింది మొన్న దాళ్వాలో కాబట్టి గడువు ఇంకా మీ చేతిలోనే ఉంది. ఈ వారంలోనే పంచాయతీ తరఫున ఆయనకూ లీజుదారుకూ రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో అభ్యంతరం పంపండి. రసీదు, అందినట్టు రుజువు దాచండి. అదే రోజు నకలు తహసీల్దారుకు ఇచ్చి, మీ నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

సివిల్ కోర్టుకు వెళ్లేలోపు ఇంకో దారి ఉంది. భూమి లేదా నీటి వాడకం హక్కు మీద తగాదా వచ్చి శాంతికి భంగం కలిగేలా ఉంటే, ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు విచారించి, అడ్డు పెట్టొద్దని ఉత్తర్వు ఇవ్వొచ్చు. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి)లో ఇది 147వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 166వ సెక్షన్. ఏడాది పొడవునా వాడే హక్కైతే ఫిర్యాదుకు ముందు మూడు నెలల్లో వాడి ఉండాలి. కొన్ని కాలాల్లోనే వాడేదైతే కడపటి సీజనులో వాడి ఉండాలి. మీ చెరువు సగం కూడా నిండలేదన్నారు, అంటే కొంతైనా నిండింది కదా, పూడ్చకముందు బోదెలో కొంత నీరు పారిందన్నమాట. అది ఏ వారంలో, ఎన్ని రోజులు పారిందో లస్కరు (కాలువ తూములు చూసే ఉద్యోగి)తోనూ పంప్ ఆపరేటరుతోనూ ఇప్పుడే రాయించి పెట్టుకోండి. ఇంకో సీజను ఇలాగే గడిచిపోతే ఈ దారి మూసుకుపోతుంది.

దావా వేయాల్సింది పంచాయతీ, ఎందుకంటే హక్కు చెరువుకు అంటిపెట్టుకుని ఉంటుంది, చెరువేమో పంచాయతీ అధీనంలో ఉంది. అందుకని ముందు గ్రామసభ తీర్మానం కావాలి. పంచాయతీ కదలకపోతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద కోర్టు అనుమతితో పేటలో కొందరు అందరి తరఫునా వేయవచ్చు.

ఇక సాక్ష్యం. పెద్దవాళ్ల మాట పనికొస్తుంది గానీ కాగితమే బలం. ఆ బోదెలో ఏనాడైనా ఉపాధి హామీ కింద పూడిక తీశారా? తీసి ఉంటే మస్తర్లు, కొలతల పుస్తకంలో పేజీలు ఉంటాయి. మీ చేతికి దొరికే వాటిలో ఇంతకు మించిన సాక్ష్యం అరుదు: ప్రభుత్వమే డబ్బిచ్చి బాగుచేయించిన బోదెను ‘నా దయ’ అనడం కష్టం. వెనకటి వేసవుల్లో చెరువు నింపడానికి ఆయిలింజను పెట్టి ఉంటే పంచాయతీ క్యాష్ బుక్కులో డీజిలు బిల్లులు ఉంటాయి. తహసీల్దారు ఆఫీసులో గ్రామ పటం, ఆ నాలుగు సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీలు (పొలం కొలతల పటాలు), ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూముల రిజిస్టరు) నకళ్లు తీసుకోండి. బోదె పటంలో గీసి ఉంటే, అది పోరంబోకుగా నమోదై ఉంటే, అసలు ఈజ్‌మెంటు వాదనే అక్కర్లేదు, అది నేరుగా ఆక్రమణ. ఇది మొదటే చూసుకోకుండా కోర్టు దాకా వెళ్లేవాళ్లుంటారు.

జలవనరుల శాఖ కాగితాలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. పంచాయతీ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ‘మా పేట నీటి వివరాలు ఇవ్వండి’ అని పొడిపొడిగా అడిగితే పొడి జవాబే వస్తుంది. మీ తూము ఏ కాలువ మీద ఎన్నో కిలోమీటరు దగ్గరుందో, దాని కొలత, దాని కింద రాసిన ఆయకట్టు ఎంతో, గత పదేళ్లలో మంచినీటి చెరువులు నింపమని ఇచ్చిన ఉత్తర్వుల నకళ్లు, మీ చెరువు పేరు ఆ జాబితాలో ఉందో లేదో అడగండి. జాబితాలో పేరు లేకపోతే అది ఇప్పుడే తెలియాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: నీళ్ల మీద హక్కుందా? తాగునీరు జీవించే హక్కులో భాగమని 21వ అధికరణ కింద సుప్రీంకోర్టు చెప్పింది. 2012 జాతీయ జల విధానం కూడా తాగునీటి అవసరాన్ని ముందు పెట్టింది. అయితే ఇవి వాదించడానికి బలమే గానీ వీటిని చూసి లస్కరు షట్టరు ఎత్తడు. డెల్టాలో ఏ కాలువలో నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయో, ఎప్పుడు కట్టేస్తారో కలెక్టరు అధ్యక్షతన జరిగే నీటిపారుదల సలహా మండలిలో తేలుతుంది. ఐఏబీ మీటింగ్ అంటారు కదా, అదే. దాళ్వాకు ముందు జరిగే ఆ సమావేశం మినిట్స్‌లో ‘శివారు మంచినీటి చెరువులు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నింపాలి’ అన్న వాక్యం, దానికి జతపరిచిన జాబితాలో మీ చెరువు పేరు, ఈ రెండూ ఉంటే మీ హక్కుకు చేతికందే రూపం వచ్చినట్టు. సమావేశానికి నెల ముందే పంచాయతీ తీర్మానం నకళ్లు జలవనరుల శాఖ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారికి, గ్రామీణ నీటి సరఫరా విభాగం డీఈ (డిప్యూటీ ఇంజనీరు) గారికి, ఎమ్మెల్యే గారికి చేరాలి. సమావేశం అయ్యాక సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టి లాభం తక్కువ.

నీటి వినియోగదారుల సంఘాన్ని కూడా వదలకండి. 1997 చట్టంతో వచ్చిన ఈ సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి, కాబట్టి మాట్లాడడానికి మనుషులున్నారు. చిక్కేమిటంటే అక్కడ ఓటు ఆయకట్టు భూమిని బట్టి వస్తుంది. మీ పేటలో చాలామందికి సెంటు భూమి ఉండకపోవచ్చు. అందుకే సంఘం దగ్గరికి పేట మనుషులుగా కాక పంచాయతీ తీర్మానంతో వెళ్లండి. దాళ్వా చివర నీళ్లు తగ్గి వంతులు పెట్టినప్పుడు మీ చెరువుకు ఒక వంతు రాయించండి. వరి పొట్ట మీదున్న రోజుల్లో ఎగువ రైతుతో తగువుకు దిగితే పేట ఓడిపోతుంది. ముందే రాయించుకున్న వంతైతే ఆయనకూ తెలిసి ఉంటుంది.

1850ల్లోనే పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద అక్విడక్టు (కాలువ వంతెన) కట్టి, ధవళేశ్వరం నీళ్లను నది దాటించి మీ సీమకు తెచ్చారు. అంత దూరం వచ్చిన నీరు చివరి 300 మీటర్ల దగ్గర ఆగిపోకూడదు. మీ పట్టుదలంతా ఆ 300 మీటర్ల మీద పెట్టండి.

బోరు గురించి: లోతుకు వెళ్లకండి. సముద్రం వైపు పేటల్లో వాన నీరూ కాలువ ఊటా ఇసుక పొరల్లో పల్చగా నిలుస్తాయి, కింద ఉప్పునీరు ఉంటుంది. మంచినీరు తేలిక కనుక పైన తేలుతుంది. సముద్ర మట్టానికి మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీటి పొర ఉండగలదని లెక్క. అది రెండు వైపులా పనిచేస్తుంది. గట్టిగా తోడి పై మట్టం ఒక్క అడుగు దించితే, కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి రావడానికి దారి ఏర్పడుతుంది. మీ బోరు ఉప్పగా మారిన తీరు ఇదే అయ్యుంటుంది. లోతు పెంచితే ఉప్పుకు ఎదురెళ్లినట్టే. ఇసుక దిబ్బ మీద తక్కువ లోతులో ఫిల్టర్ పాయింటు (జాలీ గొట్టం దించే చిన్న బోరు) వేసి, కొద్దికొద్దిగా, రోజులో రెండు మూడు విడతలుగా తోడుకుంటే వాడకానికి నీళ్లు దొరుకుతాయి. వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. రొయ్యల చెరువు వాళ్లు అక్కడ బోరు వేశారేమో టేపు పెట్టి కొలవండి.

ఆర్వో ప్లాంటు తాగే బిందె వరకే. ఉప్పు ఎక్కువైన కొద్దీ వదిలేసే నీరు పెరుగుతుంది, సగం కంటే ఎక్కువ వృథా కావడం మామూలే. ఆ వదిలిన చేదునీరు పక్క గుంటలోకి పోతే మీ ఫిల్టర్ పాయింటుకే చేటు. వంటకు, స్నానానికి, గేదెకు అది సరిపోదు. ట్యాంకరు రాని రోజుకు ఆసరాగా ఉంచుకోండి.

చెరువు లెక్క వేసి చూద్దాం. 180 గడపలకు నలుగురి చొప్పున 720 మంది. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే రోజుకు దాదాపు 40 ఘనపు మీటర్లు. కాలువలు మామూలుగా ఏప్రిల్ మధ్యలో కట్టేసి జూన్ మొదటి పక్షంలో వదులుతారు. శివారుకు నీరు దిగడానికి ఇంకో వారం పది రోజులు. మధ్యలో ఏదైనా ఆలస్యమైతే తట్టుకునేలా 75 రోజులకు చూసుకోండి: 3,000 ఘనపు మీటర్లు. ఇది మీరు వాడే నీరు మాత్రమే. చాలా చెరువులు ఈ అంకె దగ్గరే లెక్క ఆపేసి మే 20కి బురద చూపిస్తాయి. ఎండల్లో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైపోతుంది, బంకమన్ను అడుగున్నా ఇంకో 4 మిల్లీమీటర్లు ఇంకుతుంది. 75 రోజులకు అది 80 సెంటీమీటర్లు దాటుతుంది. అడుగున 60 సెంటీమీటర్లు వాడకుండా వదిలేయాలి. అక్కడి నీరు బురదతో నిండి ఉంటుంది, పైగా ఆ బరువు లేకపోతే చుట్టూ భూమిలోని ఉప్పునీరు లోపలికి ఊరుతుంది.

నీటి మట్టం దగ్గర 51 మీటర్ల చదరం, లోతు 3 మీటర్లు, లోపలి వాలు ఒకటికి రెండు, అడుగున 39 మీటర్ల చదరం అనుకోండి. నిండితే 6,100 ఘనపు మీటర్లు పడుతుంది. అడుగు నీరు 970, ఆవిరీ ఇంకుడూ 1,770 తీసేస్తే 3,360 మిగులుతుంది. అంటే మీ అవసరం తీరి తొమ్మిది రోజుల నిల్వ. గట్లు, నీటిపైన మీటరు ఎత్తు కలుపుకుంటే స్థలం ఎకరం ఐదు సెంట్ల దాకా కావాలి. మీ చెరువును తాడు పెట్టి కొలిచి ఇదే లెక్క వేయండి. చిన్నదైతే పక్క స్థలం ఇప్పుడే చూసుకోవాలి. పశువులకు వేరే గుంట ఉండాలి. గేదె ఒక్కటే రోజుకు 50 లీటర్ల దాకా తాగుతుంది, దిగితే నీరు పాడవుతుంది.

బోదెకు బదులు పైపు వేయడం అందరికీ మంచిది. పైన చేను గలాయన సాగు చేసుకుంటారు, మీ నీళ్లలో మురుగు కలవదు. 300 మీటర్లకు 250 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వేస్తే, కాలువకూ చెరువుకూ మట్టం తేడా 30 సెంటీమీటర్లు ఉన్నప్పుడు సెకనుకు 22 లీటర్లు వస్తుంది. ఆ వేగం నిలిస్తే చెరువు మూడు రోజులు దాటాక నిండుతుంది. కానీ చెరువు నిండేకొద్దీ తేడా తగ్గుతుంది. 10 సెంటీమీటర్లకు పడితే 12 లీటర్లే, అదే నింపడానికి ఆరు రోజులు. శివారులో కాలువ మట్టం ఎప్పుడూ తక్కువే కాబట్టి 315 మిల్లీమీటర్ల పైపు వేస్తే 30 సెంటీమీటర్ల తేడాకు 40 లీటర్లు వస్తుంది. వంతు రెండు రోజులే ఇస్తే పెద్ద పైపు విలువ తెలుస్తుంది. ముందు లెవెల్ మెషీనుతో కాలువలో దాళ్వా నాటి నీటిమట్టం, చెరువు నిండుమట్టం కొలిపించండి. చెరువే ఎత్తులో ఉంటే పైపు ఎంత పెద్దదైనా లాభం లేదు, మోటారు పెట్టాల్సిందే.

పైపు మీద 90 సెంటీమీటర్ల మన్ను ఉండాలి, ట్రాక్టరు దమ్ము చేసినా తగలకుండా. తూము దగ్గర పూడిక గుంట, గుర్రపుడెక్క ఆగడానికి ఇనుప జాలీ, ప్రతి వంద మీటర్లకూ మనిషి దిగేంత ఛాంబరు కట్టాలి. కీళ్లు రబ్బరు రింగుతో బిగిసేవి వాడండి. కాలువ కట్టేసిన రెండు నెలలూ పైపు ఖాళీగా ఉంటుంది. రొయ్యల చెరువు పక్కన వదులు కీలుంటే ఉప్పునీరు లోపలికి ఊరుతుంది. అందుకే రెండు చివరలా వాల్వులు పెట్టి, మొదటి అరగంట నీటిని చెరువులోకి వదలకుండా మురుగు కాలువలోకి పంపండి. కాలువ గట్టు తవ్వే పని జలవనరుల శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోకండి. గట్టు కోసినందుకు మీ మీదే కేసు పడితే ఇన్నాళ్ల శ్రమా వృథా.

డబ్బు సంగతి క్లుప్తంగా: జల్ జీవన్ మిషన్‌లో ఊరి లోపలి పనులకు గ్రామం వాటా 10 శాతం, ఎస్సీ, ఎస్టీలు ఎక్కువగా ఉన్న ఊళ్లకు 5 శాతం. శ్రమ రూపంలోనూ ఇవ్వొచ్చు. గ్రామ నీటి, పారిశుధ్య సంఘంలో కనీసం సగం మంది ఆడవాళ్లుండాలి. మీ డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరన్నా అందులో ఉండేలా చూసుకోండి. బిందె మోసేవాళ్లు లేని చోట చెరువు మాట చివరికి పోతుంది.

చెరువు నీటిని తాగేముందు ఇసుక ఫిల్టరులో వడకట్టాలి. ఆ ఫిల్టరు ఎక్కువగా పాడయ్యేది కట్టడంలో కాదు, నడపడంలో. రోజుకు 40 ఘనపు మీటర్లను 24 గంటలూ నెమ్మదిగా, చదరపు మీటరుకు గంటకు 100 లీటర్ల చొప్పున వడకట్టాలంటే 17 చదరపు మీటర్ల ఇసుక గది కావాలి. అలాంటివి రెండు కట్టండి, ఒకటి శుభ్రం చేస్తుంటే ఇంకోటి నడుస్తుంది. కింద 30 సెంటీమీటర్ల కంకర, పైన మీటరు సన్న ఇసుక, దాని మీద మీటరు నీరు. ఇసుక రేణువు పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండాలి. గోదావరి ఇసుక తెచ్చి అలాగే పోస్తే బరకగా ఉండి బురద కిందికి దిగిపోతుంది. జల్లెడ పట్టి, కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడగాలి.

ఇసుక పైన రెండు మూడు వారాలకు జిగురుగా ఒక పల్చని పొర కడుతుంది. నీటిని శుభ్రం చేసేది ప్రధానంగా అదే. కరెంటు ఉన్న నాలుగు గంటలే నడిపి మిగతా వేళ గది ఎండబెడితే ఆ పొర చచ్చిపోతుంది. అందుకని బయటికి పోయే గొట్టం నోరు ఇసుక మట్టం కంటే కొంచెం ఎత్తున ఉండాలి, అప్పుడు మోటారు ఆగినా ఇసుక మీద నీరు నిలుస్తుంది. ధార తగ్గినప్పుడు గది మొత్తం కదపకండి. పైన ఒకటి రెండు సెంటీమీటర్లు చెక్కి తీసి, ఆ తర్వాత రెండు రోజుల నీరు తాగడానికి పంపకుండా బయటికి వదలండి. చెక్కగా చెక్కగా ఇసుక 60 సెంటీమీటర్లకు దిగితే కడిగిన ఇసుక మళ్లీ పోయాలి.

బ్లీచింగ్ చెరువులో గానీ ఫిల్టరుకు ముందు గానీ చల్లకండి. మంచి చేస్తున్నామనుకుని ఆ పొరను చంపేస్తారు. వడకట్టిన నీరు పడే సంపులో వెయ్యి లీటర్లకు 4 గ్రాములు, అంటే మీ రోజువారీ నీటికి 160 గ్రాములు, బకెట్లో కలిపి తేరుకున్నాక పైనీరు మాత్రం పోయండి. అరగంట తర్వాతే ట్యాంకుకు ఎక్కించాలి. పేట చివరి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, క్లోరిన్ కొలిచే రంగు పెట్టెతో రోజూ చూడొచ్చు. మిగలకపోతే మోతాదు పెంచే ముందు పౌడరు పాతదేమో చూడండి. సముద్రపు గాలికి తెరిచిన సంచి తొందరగా సత్తువ పోగొట్టుకుంటుంది.

రొయ్యల చెరువు విషయం. ఉప్పునీటి రొయ్యల చెరువు తాగునీటి వనరుకు కనీసం 100 మీటర్ల దూరంలో ఉండాలని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రాష్ట్రంలో 2020 ఆక్వా అభివృద్ధి సంస్థ చట్టం కింద లైసెన్సూ ఉండాలి. మత్స్యశాఖ ఆఫీసులో ఆ లైసెన్సు నకలు, దానిలో చూపిన సర్వే నంబర్లు అడగండి. దీంతో పాటు రెండు వేల రూపాయల లోపు దొరికే టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) ఒకటి కొని, ప్రతి పదిహేను రోజులకు చెరువు నాలుగు మూలలా, ఫిల్టర్ పాయింటులో, కాలువలో కొలిచి తేదీతో పుస్తకంలో రాయండి. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాములు మేలు, వేరే వనరు లేనప్పుడు 2,000 దాకా ప్రమాణం ఒప్పుకుంటుంది. రొయ్యల చెరువు వైపు మూల ఒక్కటే పెరుగుతూ పోతే, గట్టు నుంచి ఉప్పు ఊరుతోందని అధికారులకు చూపడానికి ఆ పుస్తకం చాలు.

పంచాయతీ మీ చెరువును చేపల పాటకు పెడుతుంటే ఈ గ్రామసభలోనే ఆపించండి. పాడుకున్నవాడు మేత, కోళ్ల పెంట వేయకుండా ఉండడు, ఆ నీటిని ఏ ఇసుకా బాగుచేయలేదు. పాట వల్ల వచ్చే ఆదాయం ఒక్క నెల ట్యాంకర్ల ఖర్చుతో పోల్చి తీర్మానంలో రాయించండి.

నింపే వేళ కూడా ముఖ్యం. కాలువ కట్టేసే చివరి వారం దాకా ఆగొద్దు. అప్పటికి శివారుకు వచ్చేది ఎగువ ఊళ్ల మురుగూ చేల నుంచి దిగిన నీరూ. మార్చి మూడో వారంలో మొదలుపెట్టి నిండా నింపి, కట్టేసేదాకా తగ్గినంత పోస్తూ ఉండండి. జూన్‌లో చెరువు అడుగంటినప్పుడు పూడిక తీయిస్తే పారతో పైబురద వరకే తీయించండి. జేసీబీ వాడు మట్టి అమ్ముకోవడానికి ఇంకో మీటరు లోతుకు వెళతానంటే ఒప్పుకోకండి. అడుగు బంకమన్ను కనీసం 60 సెంటీమీటర్లు మిగలాలి, అది చిరిగితే కింద ఇసుకలోంచి ఉప్పునీరు పైకి వస్తుంది, మళ్లీ పూడ్చడం మీ వల్ల కాదు. ముందుగా ఒక మూల ఆగరు (మట్టి తొలిచే బరమా)తో రంధ్రం వేసి బంక ఎంత మందముందో చూసి, గట్టు మీద రాయి పాతించి ఆ లోతు దాని మీద రాయించండి. కాలువ వదిలాక మొదటి వారం తూము మూసే ఉంచి, గుర్రపుడెక్కా చెత్తా కొట్టుకుపోయి నీరు తేటపడ్డాక వాల్వు తిప్పండి.